దొంగను పట్టిన గోలీ

నేను ఒక ఎర్ర గాజు గోలీని. దొంగల్ని పడతానని నాకు పేరు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, శుక్రవారం పూట నాకు హారతి కూడా పట్టారు. నాకు ప్రాణం లేదు, బుద్ధి అంతకన్నా లేదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు లేని బుద్ధిని నాకు అంటగట్టి, తమకున్న బుద్ధిని గట్టున పెట్టిన మనుషుల మధ్యనే నా బతుకంతా గడిచింది.

పగిలిన గాజులూ సీసాలూ కరిగించే కొలిమిలో పుట్టాను. నా పక్కవి పచ్చగా, నీలంగా వచ్చాయి. నా ముద్దలో ఎవరో ముత్తైదువ చిట్లగొట్టుకున్న ఎర్రగాజుల ముక్కలు ఎక్కువ పడ్డాయి కాబట్టి నేను ఎర్రగా వచ్చాను. అందులో దేవుడి ఉద్దేశం ఏమీ లేదు.

నా మొదటి యజమాని గవరయ్య. ఎక్కడ జాతర జరిగితే అక్కడికి మూడు కొబ్బరి చిప్పలూ, ఒక గోనెపట్టా, నన్నూ పట్టుకుని పోయేవాడు. అతని ఆటలో మోసం లేదు. మీరు నమ్మరని తెలుసు, జనమూ నమ్మలేదు. తువ్వాలు అడ్డం పెట్టి నన్ను ఒక చిప్ప కింద దాచేవాడు. ఆడేవాడు డబ్బులు కట్టి ఒక చిప్పను వేలితో చూపించేవాడు. అప్పుడు గవరయ్య మిగిలిన రెండింట్లో ఖాళీగా ఉన్న చిప్పను ఎత్తి చూపించి, ఎంతో మర్యాదగా అడిగేవాడు.

"మార్సుకుంటావా బాబూ? మార్సుకో, నానేటీ అనుకోను."

ఎవరూ మార్చుకునేవారు కాదు. మిగిలినవి రెండు చిప్పలు, ఇందులో ఎంతో అందులో అంతే, మార్చడం దేనికని చదువుకున్నవాడు అనేవాడు. చదువు లేనివాడు తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడు. ఇద్దరి కడుపులోనూ ఉన్న భయం ఒకటే. మార్చి ఓడిపోతే అది తన తెలివితక్కువ. మార్చకుండా ఓడిపోతే తలరాత. తలరాత అయితే ఇంటికెళ్ళి భార్యకు చెప్పుకోవచ్చు. ఆ భయం మీదే గవరయ్య డాబా ఇల్లు కట్టాడు. నేను మాత్రం మూడింట రెండుసార్లు వాళ్ళు వద్దన్న చిప్ప కిందే కూర్చుని ఉండేదాన్ని.

ఒక జాతరలో దాలమ్మ వచ్చింది. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. జీడిరసం తగిలి తగిలి వేళ్ళ కొసలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. చాలాసేపు నిలబడి చూసింది, తరవాత కూర్చుని ఒక చిప్ప చూపించింది. గవరయ్య ఖాళీది ఎత్తి అడగగానే "మార్సేను" అంది. గెలిచింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ మార్చింది, ఓడిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నారు. మూడోసారీ మార్చి గెలిచింది.

"ఎందికలా మార్సేస్తన్నావే?" అని ఎవరో అడిగారు.

"నాను ఏలు పెట్టినప్పుడు నాకేటీ తెల్దు. ఆయనకి తెలుసు. తెలిసినోడు రెండిట్లో ఒకటి తీసేసి ఒకటి ఒగ్గేసినాడంటే, ఒగ్గేసిందాన్నే నమ్మాల గదా," అంది దాలమ్మ.

జాతరలన్నీ తిరిగిన నేను అంతకన్నా సూటి మాట వినలేదు. గవరయ్యకు మాత్రం చెమటలు పట్టాయి. నలుగురూ ఆ మాట పట్టుకుంటే తన పొయ్యి ఆరిపోతుంది. పట్టా చుట్టేసి, "తల్లీ, నీకో దండం. ఈ గోలీ కూడా నువ్వే పట్టుకుపో" అని నన్ను ఆమె చేతిలో పడేశాడు. అతను భయపడనక్కర్లేదు. ఆ మాట విన్నవాళ్ళలో ఒక్కరికీ ఎక్కలేదు.

దాలమ్మ ఇంట్లో నేను కొన్నాళ్ళు గూట్లో ఉన్నాను. ఆ ఇంట్లో ఇంకొక మనిషి ఆమె అత్త. ఆవిడా వయసంతా పిక్కలు కొట్టిన మనిషే. అత్తా కోడళ్ళిద్దరే, మగదిక్కు లేదు. ఇద్దరూ తిట్టుకునేవారు, ఒకే కంచంలో తినేవారు.

ఫ్యాక్టరీలో సాయంత్రం గేటు దాటేటప్పుడు ఆడవాళ్ళను వెతకడం ఆనవాయితీ. అందరినీ వెతికితే పొద్దుపోతుందని మేనేజరు లింగరాజు కొందరిని వేలితో చూపించేవాడు. ఆ వేలు ఎప్పుడూ ఎదురు మాట్లాడిన వాళ్ళ మీదే పడేది. చూపించిన వాళ్ళను మేస్త్రీ కాంచన గదిలోకి తీసుకెళ్ళి, చీర కుచ్చిళ్ళు విప్పించి, జుట్టు ముడి విప్పించి చూసేది. ఒకరోజు ఆడవాళ్ళంతా తిరగబడితే, దాలమ్మ ముందుకొచ్చి ఒక ఉపాయం చెప్పింది. నల్లగుడ్డ సంచిలో తొమ్మిది తెల్లగోలీలూ ఒక ఎర్రగోలీ వెయ్యండి. బయటికి పోయే ప్రతి మనిషీ చెయ్యి పెట్టి ఒకటి తీసి, చూపించి, మళ్ళీ సంచిలో వేస్తుంది. ఎర్రది వచ్చినవాళ్ళను వెతకండి. అప్పుడు వేలు ఎవరిదీ కాదు.

ఖర్చు లేని న్యాయం కాబట్టి లింగరాజు ఒప్పుకున్నాడు. తెల్లవి కొట్లో కొన్నారు. ఎర్రదాన్ని దాలమ్మే ఇంటి నుంచి తెచ్చి ఇచ్చింది.

ఏడాది దాకా ఎవరికీ ఫిర్యాదు లేదు. నేను ఒకరోజు ఈమె చేతికి వచ్చేదాన్ని, ఒకరోజు ఆమె చేతికి. తరవాత ఒక సోమవారం దాలమ్మ చేతికి వచ్చాను. మంగళవారం కూడా ఆమెకే వచ్చాను, అందరూ నవ్వారు. బుధవారం వచ్చేసరికి నవ్వలేదు. గురువారం వరసలో ఆమె వెనకున్న మనిషి కాస్త దూరం జరిగి నిలబడింది.

నాలుగు రోజులూ కాంచన ఆమె కుచ్చిళ్ళు విప్పించింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం దాలమ్మ నిజాయితీ కింద లెక్కకు రాలేదు, ఆరితేరిన దొంగతనం కింద వచ్చింది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అన్నట్టు.

"ఇంతమందిలో నీ సెయ్యే ఎందికి పట్టుకుంటాదే? ఊరికే పట్టుకుంటాదేటి?" అంది కాంచన.

పట్టుకుంటాను తల్లీ, ఊరికే పట్టుకుంటాను. అరవైమంది ఆడవాళ్ళు రోజూ సంచిలో చెయ్యి పెడుతుంటే, ఏడాదికి ఒక్కసారైనా ఎవరో ఒకరికి వరుసగా నాలుగు రోజులు నేను తగలడం వింత కాదు. తగలకపోతేనే వింత. కాకి వాలడం, తాటిపండు రాలడం. కానీ తగిలిన మనిషికి ఒక పేరుంటుంది, ముఖం ఉంటుంది. మిగిలిన యాభై తొమ్మిదిమందికీ ఆ ముఖం ఒక్కటే కనిపిస్తుంది.

ఆ గురువారం రాత్రి అత్తకు జబ్బు ముదిరిందట. పిక్కలు కొట్టి వయసంతా పోగొట్టుకున్న ఆ ముసలిది, విరగని గుండు జీడిపప్పు ఒకటి నోట్లో పెట్టుకుని పోతానందట. జన్మలో ఎన్నడూ తినలేదు. కొట్టినవాళ్ళకు గుండు పప్పు అంటే తూకం వేసి అప్పజెప్పేదే తప్ప తినేది కాదు.

శుక్రవారం సాయంత్రం దాలమ్మ వరసలోకి వచ్చింది. సంచిలో చెయ్యి పెట్టేముందు తనలో తాను గొణుక్కోవడం నాకు వినిపించింది.

"నాలుగు దినాలు నన్నే పట్టినావు. ఇయాల నన్నొగ్గేస్తావు. ఐదోసారి ఎలా వస్తావులే."

చిప్పల దగ్గర లోకానికి బుద్ధి చెప్పిన మనిషి ఇలా అంది! నాకు నిజంగా ఏడుపొచ్చింది. గాజుకు కన్నీళ్ళుండవు కాబట్టి బయటపడలేదు. ఇప్పుడు మీకు కథ చెబుతున్నాను గానీ, సంచిలో పడ్డ గోలీకి నిన్నటి సంగతి పట్టదు. నాలుగుసార్లు వచ్చాం కదా, ఇక సిగ్గుపడదాం అనుకోదు. పది గోలీల్లో నేనొకదాన్ని, సోమవారం ఎలాగో శుక్రవారమూ అలాగే. ఆ మాట ఆమెకు తెలియక కాదు. భయంలో ఉన్న మనిషికి తెలిసినది అక్కరకు రాదు, అంతే.

నల్లబడ్డ వేళ్ళు లోపలికి వచ్చాయి. ఆ వేళ్ళు నాకు తెలుసు. కదలగలిగితే కదిలేదాన్ని. ఒక తెల్లగోలీని తాకి, దాన్ని వదిలేసి, నన్ను పట్టుకున్నాయి.

దాలమ్మ రొండిన, చీర మడతలో, గుప్పెడు గుండు పప్పు దొరికింది. కాంచన దాన్ని చేటలో పోసి లింగరాజు ముందు పెట్టింది.

"నిన్నటిదాకా నా కాడ ఏటీ నేదు బాబూ. ఇయాల్టికే తీసినాను, మా అత్త పోతన్నాది," అని దాలమ్మ కాళ్ళు పట్టుకుంది.

"ఇయాల్టికే తీశావు, ఇయాల్టికే దొరికావా?" అన్నాడు లింగరాజు. నిజం ఒక్కోసారి చేతకాని అబద్ధంలా వినిపిస్తుంది.

కాంచన అందరికీ వినపడేటట్టు అంది. "గోలీ నాలుగు దినాల నుంచి సెప్తనే ఉంది బాబూ. మనవే ఇనుకోనేదు."

అంతే. ఏడాదంతా తగ్గిన పప్పు మొత్తం దాలమ్మ నెత్తిన పడింది. ఆ ఊళ్ళో ఏ ఫ్యాక్టరీ గేటూ ఆమెకు తెరుచుకోలేదు. ముసలిది ఉత్త నోటితోనే పోయింది.

నాకు మాత్రం మంచిరోజులు వచ్చాయి. సత్యంగోలీ అని పేరు పెట్టి, పసుపూ కుంకుమా రాసి, సంచిని దేవుడి పటం కింద వేలాడదీశారు. ఇదివరకు ఎర్రది వస్తే వెతకడమే. ఇప్పుడు ఎర్రది వస్తే సగం దొంగే. వచ్చిన మనిషి అక్కడే వణికేది, దొరక్కపోయినా ఆ రోజు కూలి సగం కోసేవారు. పప్పు మునుపటిలాగే తగ్గుతూ ఉంది. నేనే లేకపోతే ఇంకెంత తగ్గేదో అనేవాడు లింగరాజు.

కొన్నాళ్ళకు వరసలో ఇద్దరి మాటలు విన్నాను. ముసలిదాని దినానికి ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వెళ్ళారట. దాలమ్మ పెట్టిన పరమాన్నం వెలితిగా ఉందని జాలిపడి, తలో గుప్పెడూ జీడిపప్పు వేశారట. కాంచన రెండు గుప్పెళ్ళు వేసిందట. వాళ్ళంతా తెల్లగోలీలు తీసినవాళ్ళు. కాంచన అసలు సంచిలో చెయ్యే పెట్టదు. వెతికే మనిషిని వెతికేదెవరు?

తరవాత గేటు దగ్గర బల్బుల మిషను పెట్టారు. బొత్తాం నొక్కితే పచ్చదో ఎర్రదో వెలుగుతుంది. నాకు రాసిన కుంకుమ దానికి రాశారు, నన్ను సంచితో సహా గేటు బయట జీడితొక్కల గుట్ట మీద పారేశారు. చాలాకాలం అక్కడే ఉన్నాను. తొక్కలు ఏరి ఇటుకబట్టీకి పోసే మనిషి ఒకరోజు నన్ను పైకి తీసి, కొంగుతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూసింది. వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. నన్ను విసిరికొడుతుందనుకున్నాను. కొంగున ముడేసుకుంది.

ఇప్పుడు నేను మళ్ళీ జాతరలు తిరుగుతున్నాను. మూడు చిప్పలు, ఒక గోనెపట్టా, దాలమ్మ. ఆమె ఆటలోనూ మోసం లేదు. ప్రతివాణ్ణీ మార్చుకోమనే అడుగుతుంది. ఎవడూ మార్చుకోడు. ఆమె ముఖంలో జాలి కనిపించదు, నవ్వూ కనిపించదు.

మొన్నటి జాతరలో కాంచన వచ్చి కూర్చుంది. ఒకరినొకరు గుర్తుపట్టారు, ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. కాంచన చిప్ప చూపించింది. దాలమ్మ ఖాళీది ఎత్తి, "మార్సుకుంటావా కాంచనా?" అంది.

"నాకెందికి? నువ్వు నన్ను తప్పించాలని సూస్తన్నావు," అంది కాంచన. పోయింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ మార్చలేదు, మళ్ళీ పోయింది. అలా నాలుగుసార్లు. కట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు చెవుల కమ్మలు తీసి గోనెపట్టా మీద పెట్టింది.

"నాలుగుసార్లు పోయినాది. ఐదోసారి ఎలా పోద్ది? ఈసారి నాదే."

చిప్ప మీద దాలమ్మ చెయ్యి ఆగింది. ఆ మాట తను ఎక్కడ, ఎప్పుడు అందో ఆమె మరిచిపోలేదు. ఒక్క మాట చెబితే ఆ కమ్మలు ఆ చెవులకే పోతాయి. నేను చీకట్లో ఎదురుచూశాను. దాలమ్మ ఖాళీ చిప్ప ఎత్తి, ఎప్పటిలాగే మర్యాదగా అడిగింది.

"మార్సుకుంటావా?"

"మార్సను."

ఆమె వద్దన్న చిప్ప కిందే నేనున్నాను. కాంచన చాలాసేపు నన్నే చూసింది. "ఇలాగెలాగే దాలమ్మా? అన్నిసార్లూనా?" అంది.

"గోలీ నాలుగుసార్ల నుంచి సెప్తనే ఉంది కాంచనా. నువ్వే ఇనుకోనేదు," అని దాలమ్మ కమ్మలు రొండిన దోపుకుంది.