గోడలోకి వెళ్లిన పరుపులు

కొండల్లోని తిమహదీత్ ఊళ్లో ఏటా వసంతానికి గొర్రెల ఉన్ని కత్తిరించడం అయ్యాక, టూడా తన పరుపుల ఉన్ని కత్తిరిస్తుంది. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన ఆ పన్నెండు పరుపుల్లో ఉన్ని నలభై ఏళ్లుగా పెరుగుతూనే ఉంది. చలి ముదిరితే మరీ జోరుగా పెరిగి కుట్లు తెంచుకుంటుంది. ఊళ్లో సగం మంది మేజోళ్లు ఆ ఉన్నివే.

ఈసారి మాత్రం ఇంట్లో ఎవరి నోట విన్నా కొత్తింటి మాటే. టూడా కొడుకు మిమూన్ పాత మట్టింటి పక్కనే సిమెంటు ఇటుకలతో కడుతున్నాడు. గోడ రెండు వరుసలు, మధ్య జానెడు సందు.

"ఆ సందులో గాలే దుప్పటి," అన్నాడు మేస్త్రి బూఅజ్జా.

"ఆ దుప్పటి కప్పుకుని నువ్వు పడుకో మేస్త్రీ, మా తిలీలాకి చాలదు," అంది మిమూన్ భార్య ఇట్టో.

ఏడేళ్ల తిలీలాకి కట్టెల పొగ పడదు. తలుపులన్నీ మూసి పొయ్యి రాజేస్తే దగ్గి దగ్గి నీలంగా అయిపోతుంది. అందుకే మూడేళ్లుగా తొలి మంచు పడగానే మేనత్త ఫద్మా మెక్నెస్ పట్నం నుంచి బస్సులో వచ్చి పిల్లని తనింటికి తీసుకుపోతోంది. ఆ నెలలన్నీ ఇట్టో పిల్ల గిన్నె కూడా అందరితోపాటు వేసి, గుర్తొచ్చి మళ్లీ తీసేస్తుంది.

పక్క ఊరు అజ్రూలో ఒక కొట్లో చూసిన కరెంటు వేడిగాలి మిషను ఇట్టోకి నచ్చింది. పొగే ఉండదు. కానీ కొట్టువాడు ముందే చెప్పాడు, "గోడలు వేడిని పట్టుకోకపోతే ఇది వీధిని వెచ్చబెడుతుంది అక్కా." తెచ్చిన థర్మోకోల్ షీట్లు ఇంటి కప్పుకే సరిపోయాయి, గోడలకి మిగల్లేదు.

"పెద్ద కట్టెల పొయ్యి పెట్టేద్దాం," అన్నాడు మిమూన్. "పొయ్యి లేని ఇంట్లో టీ ఎక్కడ మరుగుతుంది?"

"నీ టీ కోసం పిల్లని పంపించేస్తావా?"

మూల కూర్చుని రొట్టె తుంచుకుంటున్న టూడా తలెత్తింది. "నా పరుపులు విప్పి ఆ సందులో కూరండి."

అందరూ బిత్తరపోయారు. చుట్టాలు కూర్చునే ముందుగదిలో పరుపు ఎంత మందంగా ఉంటే ఆ ఇంటికి అంత మర్యాద మరి.

"అమ్మా! వచ్చినవాళ్లని స్పాంజి మీద కూర్చోబెడితే ఏమనుకుంటారు?"

"కూర్చున్నాం అనుకుంటారు."

పన్నెండు పరుపులూ విప్పారు. ఏటి నీళ్లలో ఉతికి, ఎండబెట్టి, కర్రలతో కొట్టి గోడలోకి నింపారు. చివరి పరుపు దగ్గర టూడాకి ఏడుపు ఆగలేదు. పెళ్లినాటి వాసన ఇంకా అందులో ఉంది. గుప్పెడు ఉన్నితో కళ్లు తుడుచుకుని దాన్నీ గోడలోకే తోసింది.

చలిగాలులు మొదలయ్యేసరికి ఉన్ని పని మొదలుపెట్టింది. కిటికీ చట్రం పక్కనుంచి, స్విచ్చుబోర్డు వెనకనుంచి తెల్లగా తొంగిచూసింది. బూఅజ్జా ఎక్కడెక్కడ పని తూతూమంత్రంగా కానిచ్చాడో అక్కడల్లా వచ్చింది. "రా, నీ పనితనం చూసుకో," అని ఇట్టో కబురు పెడితే, అతను ఎర్రబడ్డ మొహంతో వచ్చి కంతలన్నీ పూడ్చాడు.

తొలి మంచు పడింది. ఫద్మా వచ్చింది. పిల్ల సంచి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది.

"ఈ ఒక్క రాత్రీ ఆగు వదినా," అంది ఇట్టో.

ఫద్మా స్పాంజి మీద కూర్చుని ముక్కు విరిచింది. "అమ్మ పరుపులేవీ?" ఎవరూ జవాబు చెప్పేలోపే పైనున్న శాలువా తీసింది. కాసేపటికి స్వెట్టరూ తీసింది. చిన్న మిషను కాసేపు గుర్రుమని, ఇక తన అవసరం లేదన్నట్టు దానంతటదే ఆగిపోయింది.

తెల్లారి చూస్తే తిలీలా దుప్పటి తన్నేసి పడుకుని ఉంది. ఒక్క దగ్గు విన్నవాళ్లు లేరు. ఫద్మా తన సంచి మాత్రమే భుజానికి తగిలించుకుని, "బస్సుకి టైమైంది," అంటూ లేచింది. ఆమె వీధి మలుపు తిరగ్గానే ఇట్టో పిల్ల బట్టలు ఒక్కొక్కటే సంచిలోంచి తీసి అల్మారాలో పెడుతూ భోరుమంది. అంత సంతోషం ఆమెకి కొత్త.

ఆ చలికాలం తిలీలా గొర్రెపిల్లలు పుట్టడం మొదటిసారి చూసింది.

వసంతంలో ఉన్ని కత్తిరించేవాడు మంద పని ముగించి, "ఇంకేమైనా మిగిలాయా?" అన్నాడు. తిలీలా అతని చొక్కా పట్టుకుని ఉత్తరపు గోడ దగ్గరికి లాక్కెళ్లింది. కిటికీ కింద గుప్పెడు ఉన్ని బయటికొచ్చి ఉంది. అతను మోకాళ్ల మీద కూర్చుని కత్తెర తీశాడు.

"పైపైనే కత్తిరించు మామా," అంది తిలీలా. "వచ్చే చలికాలం కూడా నేనిక్కడే ఉంటా."