పచ్చి గింజలు

ఆమె అరుదైన మొక్కల విత్తనాలు భద్రపరిచే గదిలో పన్నెండేళ్ళుగా గింజను చూసి మొక్క పేరు చెప్పే మనిషి. రోడ్డు గట్టు మీద కనిపించిన ఊదారంగు పువ్వు ఆమెను కదలనివ్వలేదు. ఒక కాయ కోసుకొచ్చి భూతద్దం కింద విప్పింది. మూడంచుల గింజ, కొసన తెల్లని కుచ్చు. అనుమానమే లేదు. అది ఈ నేల సొంత మొక్క, ముప్పై ఏళ్ళుగా ఎవరి కంటా పడనిది.

సంతోషం పట్టలేక ముందు అన్నయ్యకే చెప్పింది. అతను ఆ రోడ్డు వెడల్పు చేసే పనిలో మేస్త్రీ.

"పది రోజుల్లో కాయలు ముదురుతాయన్నయ్యా. రేపు అటవీశాఖలో కాగితం పెడితే గట్టు జోలికి ఎవరూ రారు."

"మంచిదేగా," అన్నాడు.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి గట్టు చదునైపోయింది.

"పని ఆగితే నలభై మంది ఇంట్లో కూర్చోవాలి," అన్నాడు అన్నయ్య, ఆమె మొహం చూడకుండా. "అయినా అది వేరు నుంచి ఏటా చిగురించే రకమటగా. మళ్ళీ వస్తుందిలే."

"వేరుంటే వచ్చేదన్నయ్యా."

గదికి తిరిగొచ్చి, ఆ కాయలోని ఏడు గింజలను పొట్లం కట్టి, మీద రాసింది: 'పచ్చివి. మొలవవు.'

సాయంత్రం వదిన ఫోన్ చేసి భోజనానికి రమ్మంది. తనకు పనుందని ఆమె చెప్పింది. ఆ తరవాత వదిన ఎప్పుడు పిలిచినా ఆమెకు పనే ఉండేది.