తెల్ల కండెలు

మా అత్తగారు పోతూ నాకు మిగిల్చింది పొయ్యి మీద వేలాడే మొక్కజొన్న కండెలే. పైపొర పొగకి నల్లబడినా, ఒలిస్తే గింజలు పాలపళ్లంత తెల్లగా ఉండేవి.

విత్తనం మాటొస్తే మా ఇంట్లో ఏటా పంచాయితీయే. పక్క చేలో బావగారు పురుగు పట్టని జన్యుమార్పిడి రకం వేస్తారు. మా ఆయన, కొట్టువాడు ఏ హైబ్రిడ్ చూపిస్తే దానికి తలూపుతారు. ఈసారి మందుల్లేని పంట కొనే ఒకావిడ వచ్చి, కల్తీలేని తెల్లగింజైతే మొత్తం తీసుకుంటానంది.

బావగారిది పసుపు గింజ. రెండు చేలూ ఒకేసారి పూతకొస్తే అక్కడి పుప్పొడి గాలికొచ్చి ఇక్కడి పొత్తుల పీచు మీద వాలుతుంది, తెల్ల కండెలో పసుపు గింజలు పడతాయి. అందుకే వాళ్లు విత్తిన నెలకి మనం విత్తుదామని మా ఆయన్ని ఒప్పించాను.

"మా చెల్లి గింజలకి కూడా గోషా పెడుతోందర్రా!" అంది తోడికోడలు.

పుట్టింట్లో మా అక్కకి జ్వరమంటే నాలుగు రోజులు వెళ్లొచ్చాను. గడప దాటానో లేదో, "నీ కండెలు ఒలిచి వేసేశా, సంతోషమేగా?" అన్నారు మా ఆయన.

"ఎప్పుడు?"

"అన్నయ్య విత్తిన రోజే. ట్రాక్టరు ఎలాగూ వచ్చింది. మళ్లీ వాడి వెంట ఎవడు తిరుగుతాడు?"

"కొన్నైనా ఉంచారా?"

"ఉంచి ఏం చేస్తాం, పూజ చేస్తామా?"

పూత వేళ గట్టు మీద నిలబడి గాలిని తిట్టుకోవడం తప్ప నేను చేసిందేమీ లేదు.

కొనే ఆమె వచ్చి ఒక పొత్తు ఒలిచింది. తెల్లటి వరసల్లో అక్కడక్కడా పసుపు గింజలు. ఇంకోటి ఒలిచింది. అదీ అంతే. "ఏమీ అనుకోకమ్మా," అని చేతులు దులుపుకుని వెళ్లిపోయింది.

"పోనీలే చెల్లీ, మా గింజ మీ ఇంటికొచ్చింది. వియ్యమందినట్టే," అంది తోడికోడలు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా.

చేట ముందేసుకుని తెల్లగింజలు ఏరుతూ కూర్చున్నాను. గుప్పెడు పోగయ్యాయి. వచ్చే ఏడు ఇవి వేయాలంటే మళ్లీ అందరినీ బతిమాలాలి. మళ్లీ ఈయన మాటివ్వాలి.

ఆయన వచ్చి పక్కన చతికిలబడ్డారు. "ఈసారి ఏ విత్తనం తెమ్మంటావ్? నువ్వే చెప్పు."

పెళ్లయ్యాక ఆ మాట నన్నడగడం అదే మొదలు.

ఏరిన గుప్పెడూ మళ్లీ పసుపు గింజల్లో కలిపేశాను.

"మీ ఇష్టం," అన్నాను. "కాస్త ఈ సంచీ పట్టుకోండి, పిండిమరకి తీసుకెళ్లాలి."