నాన్న రేజరుకి సరిపడే బ్లేడు

షట్టరు సగం లేపి, ఆ సందులోంచే వంగి ఎదురు కొట్టు వైపు చూశాడు తమ్ముడు. అన్న అప్పటికే వచ్చి కూర్చున్నాడు. గుమ్మంలో కుర్చీ వేసుకొని, పాత రేజర్లను సబ్బునీళ్లలోంచి ఒక్కొక్కటే తీసి, పళ్లు తోముకునే బ్రష్షుతో రుద్దుతున్నాడు. చెంపల మీద గడ్డం తెల్లగా మాసి ఉంది. అంటే బ్లేడు అయిపోయిందన్నమాట. ఇవాళ కూతుర్ని పంపిస్తాడు. తను మాత్రం రాడు. మహానుభావుడు, వీధి దాటితే అరిగిపోతాడు మరి! తమ్ముడు షట్టరును ఒక్క తోపు తోశాడు. ఆ చప్పుడుకి వీధి చివర కుక్క లేచి మొరిగింది గాని, అన్న తల ఎత్తలేదు.

వీధి అంటే పెద్ద వీధేం కాదు, రెండు బళ్లు ఎదురైతే ఒకటి ఆగాల్సిందే. ఇటు బ్లేడ్లు, అటు రేజర్లు. తండ్రి ఉన్న రోజుల్లో రెండూ ఒకే కొట్టు. ఆయన పోయాక పంపకాల్లో అన్న పాత రేజర్లు తీసుకున్నాడు, తమ్ముడు బ్లేడ్లు తీసుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ తండ్రి సొంత రేజరు ఉందే, పోయే రోజు పొద్దున కూడా ఆయన గీసుకున్నది, దాన్ని కూడా అన్న జేబులో వేసుకుపోయాడు. "ఇది నేను ఉంచుకోనా?" అని ఒక్క మాట అడిగి ఉంటే తమ్ముడే కడిగి, తుడిచి చేతిలో పెట్టేవాడు. అడగలేదు. ఆ అడగకపోవడం తమ్ముడి గొంతులో ముల్లులా దిగి, ఇన్నేళ్లయినా అక్కడే ఉంది. పెళ్లాం చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకుంది.

మాటలు ఆగాయి గాని వ్యాపారం ఆగలేదు, అదీ తమాషా. పాత రేజరు కొన్నవాడికి దానికి తగ్గ బ్లేడు కావాలి కదా. ఎదురు కొట్లో అడగమని అన్న గడ్డంతో చూపిస్తాడు, పేరెత్తడు.

ఆ రోజు మొదట అలా వచ్చినవాడు ఒక బస్సు డ్రైవరు.

"ఏ బ్లేడైనా ఒకటే కదండీ?" అన్నాడు, కొన్న రేజరు చూపించి.

తమ్ముడికి చిర్రెత్తుకొచ్చింది. "మీ చెప్పు నా కాలికి పడుతుందా? ఇదీ అంతే. ఇలా ఇవ్వండి."

రేజరును వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, బ్లేడు అంచు వచ్చే చోటికీ కింది పలకకీ మధ్య సందు చూశాడు. "ఇది పెద్ద సందుది. బ్లేడు బాగా బయటికి ఉంటుంది. దీనికి పదునైనది వేశారో, చెంప చీరుకుపోతుంది. మెత్తటిది వేసుకోండి. అదే సన్న సందు రేజరుకైతే పదునైనదే పడాలి. మెత్తటిది వేస్తే వెంట్రుకని కోయదు, పీకుతుంది."

రేజరు కంటితో చూడకుండా బ్లేడు ఇవ్వకూడదన్నది తండ్రి పెట్టిన పద్ధతి. డ్రైవరు వెళ్లిపోయాక కూడా తమ్ముడు కాసేపు ఒక్కడే ఏదో అంటూనే ఉన్నాడు. వీధివీధంతా ఆయన్ని బ్లేడు బాబాయి అనేది ఊరికే కాదు. అమ్మేదీ అదే, వేసేదీ అదే.

తండ్రి రేజరుది సన్న సందు. దానికి సరిపడే పదునైన బ్లేడ్లు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. మిగిలిన పొట్లాలన్నీ తమ్ముడి కొట్లో పై అర మీద రేకు డబ్బాలో ఉన్నాయి. ఎవరెంత బతిమాలినా అమ్మడు. అన్న కోసమే దాచాడు, అన్నకే ఇవ్వడు. వచ్చి అడగాలి. నోరు తెరిచి "ఒక బ్లేడు ఇవ్వరా" అనాలి. అంతవరకూ మెత్తటి బ్లేడే పంపుతాడు. పీకనీ, మండనీ! మొదట్లో అలాగే అయింది. అన్న చెంపలు కందిపోయి, దద్దుర్లు లేచి కనిపిస్తే తమ్ముడు ఆ పూట తృప్తిగా అన్నం తిన్నాడు. ఈమధ్యేమో ఆ మొహం నున్నగా తేలుతోంది. ఆ రేజరుతో, ఆ బ్లేడుతో జరిగే పని కాదది. ఎక్కడో ఎవడి దగ్గరో పదునైన బ్లేడు కొంటున్నాడు! తమ్ముణ్ణి అడగడానికి నామోషీ గాని, పరాయివాడి మెట్లెక్కడానికి లేదు. పైకి నాటకంగా కూతుర్ని ఇటు పంపుతున్నాడు. ఈ ఆలోచన వచ్చినప్పటి నుంచీ తమ్ముడికి తిన్నది ఒంటికి పట్టడం లేదు.

ఎండ గుమ్మం దాటే వేళకి అన్న కూతురు వచ్చింది. అన్న కొట్టు పైన మేడ మీద బట్టలు కుడుతుంది. మెడలో టేపుతోనే దిగివచ్చింది.

"బాబాయ్, నాన్నకి బ్లేడు."

"మీ నాన్నకి కాళ్లు పడిపోయాయా?"

"మళ్లీ మొదలెట్టకు బాబాయ్. ఇస్తే ఇవ్వు."

"నిజం చెప్పు. ఎక్కడ కొంటున్నాడు పదునైనది? నా కళ్లలో కారం కొట్టకు. అది నేనిచ్చిన బ్లేడుతో తేలిన మొహం కాదు."

ఆమె ఏదో చెప్పబోయి, టేపు చివర వేలికి చుట్టుకుంది. "నువ్విచ్చిందే వాడుతున్నాడు. ఒట్టు. అదే ఇవ్వు, వేరేది వద్దు."

వేరేది వద్దట! తమ్ముడికి అరికాలి మంట నెత్తికెక్కింది. మెత్తటి బ్లేడ్ల పొట్లం తీసి బల్ల మీద కొట్టాడు. "తీసుకుపో! ఆ మనిషి వచ్చి అడిగేదాకా ఇంతే. చచ్చేదాకా ఇంతే!"

అటువైపు వినబడాలనే అరిచాడు. వినబడే ఉంటుంది. కూతురు పొట్లం తీసుకెళ్లి ఇస్తే, అన్న దాన్ని ఒకసారి తిప్పి చూసుకొని చొక్కా జేబులో వేసుకున్నాడు. మళ్లీ బ్రష్షు అందుకున్నాడు.

తమ్ముడు భోంచేసి వచ్చేసరికి అన్న అదే కుర్చీలో, ఒక చేతిలో రేజరు, ఒక చేతిలో బ్రష్షు పట్టుకొని తల వంచుకొని ఉన్నాడు. ఎండకి వీధిలో పురుగు లేదు. తమ్ముడు కావాలని దగ్గాడు. కావాలని బల్ల జరిపాడు. చివరికి పై అర మీది రేకు డబ్బా దించి, మూత తీసి, మళ్లీ ఠప్పున వేశాడు. నీకు కావలసింది ఇదిగో ఇక్కడుంది, చూడు! అన్న తల ఎత్తలేదు.

"ఎంత పొగరు! మెడ విరిగినా ఇటు తిప్పడు కదా ఈ మనిషి!" అని పైకే అనేశాడు.

కూతురు టీ గ్లాసుతో దిగివచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. బ్రష్షు జారి సబ్బునీళ్లలో పడింది. ఆమె కేక పెట్టలేదు. గ్లాసు నేల మీద పెట్టి, మెల్లగా తల తిప్పి బాబాయి వైపు చూసింది. ఇంతసేపూ ఎవర్ని తిట్టాడో తమ్ముడికి అప్పుడు అర్థమైంది.

డాక్టరు వచ్చి గుండె ఆగిందని చెప్పి వెళ్లాడు. అన్న కొట్టు వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టారు. నలుగురూ చూడ్డానికి వచ్చేలోపు ఆ మాసిన గడ్డం తీయాలి.

"నేను గీస్తాను," అన్నాడు తమ్ముడు. ఏడుపు రావడం లేదు. కోపమే వస్తోంది. అడగకుండానే పోయాడు. చివరికి తన పంతమే నెగ్గించుకొని పోయాడు.

అద్దం కింద గూట్లో తండ్రి రేజరు ఉంది. చీకట్లో చేతికిచ్చినా గుర్తుపట్టే రేజరు. పిడి మీద తండ్రి బొటనవేలికి అరిగిన చోటు కూడా అలాగే ఉంది. తమ్ముడు తన కొట్లోంచి తెచ్చిన రేకు డబ్బాలో పొట్లం చింపి, పదునైన బ్లేడు తీసి బిగించాడు. దారినపోయే ప్రతివాడి రేజరునీ వెలుతురుకి ఎత్తి చూసే మనిషి, ఈ ఒక్కదాన్ని చూడలేదు. దీన్ని చూడాల్సిన పనేముంది?

"తీసుకో. ఇప్పుడైనా తీసుకో," అంటూ నురగ పట్టించి, చెంప మీద మొదటి గీత గీశాడు.

చర్మం తెగింది. నురగ మధ్య వేలెడు పొడుగున తెల్లగా తెరుచుకుంది. రక్తం రాలేదు.

రేజరును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. కింది పలక రెండు అంచులూ ఎవరో అరగదీశారు. పైపూత పోయి లోపలి ఇత్తడి పచ్చగా మెరుస్తోంది. సన్న సందు కాస్తా పెద్ద సందై కూర్చుంది. గూట్లో, లోపలి మూల, చిన్న ఆకురాయి కనిపించింది.

"నాన్నే అరగదీశాడు," అంది కూతురు వెనక నుంచి. "నువ్విచ్చే బ్లేడు పీకుతోందని. పోయి అడుగు నాన్నా అంటే, వాడిచ్చిందే చాల్లే, దానికి తగ్గట్టు దీన్నే సరిచేసుకుంటా అన్నాడు. పొద్దున నీకు చెబుదామనుకున్నా. తాత రేజరు పాడుచేశాడని వీధెక్కి రభస చేస్తావని ఊరుకున్నా."

తమ్ముడు మంచం వైపు తిరిగాడు. "అడగడానికి నోరు రాలేదు గాని, నాన్న రేజరుకి ఆకురాయి పెట్టడానికి చెయ్యి వచ్చిందా? ఎవడు చెయ్యమన్నాడు నిన్ను? ఇవ్వరా అంటే ఇచ్చేవాణ్ణి కదా! డబ్బాకి డబ్బా ఇచ్చేవాణ్ణి కదా అన్నయ్యా!"

మరి నీ కాళ్లకేమైందిరా అని తిరిగి అడగాల్సిన మనిషి మాట్లాడలేదు.

"ఆ పొట్లం ఏది?" అన్నాడు అన్న కూతురితో.

ఆమె తండ్రి చొక్కా జేబులోంచి తీసి ఇచ్చింది. ఇంకా విప్పనైనా లేదు. తమ్ముడు పదునైన బ్లేడు తీసి బేసిను అంచున పెట్టి, మెత్తటిది బిగించి, ఈసారి వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. తెరిచిన కన్ను మసకబారింది. మోచేత్తో తుడుచుకొని గీయడం మొదలుపెట్టాడు. ఎక్కడా పీకలేదు. ఎక్కడా తెగలేదు. ఇంత చక్కగా కుదిరిన జత తన చేతులతో ఎవరికీ ఎన్నడూ కట్టివ్వలేదు. దానికీ ఒళ్లు మండింది.

బయట జనం చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపించింది. తమ్ముడు రేజరు కడిగి, తుడిచి, అన్న కూతురి ముందు చెయ్యి చాపాడు.

"ఇది నేను ఉంచుకోనా అమ్మా?"

ఆమె తల ఊపింది. అడగడానికి పట్టింది ఇంతసేపేనా అనిపించి, ఇద్దరి మీదా కోపం వచ్చింది, పోయినవాడి మీదా, తన మీదా. రేజరు జేబులో వేసుకొని గుమ్మంలోకి వెళ్లాడు.

బేసిను అంచు మీద పదునైన బ్లేడు అలాగే ఉండిపోయింది, నాలుగు తెల్ల వెంట్రుకలతో, ఒక్క చుక్క రక్తమైనా లేకుండా.