ఆటో స్టార్టరు: రెండో భాగం

గౌతమి చోడవరంలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంది. మోటార్లూ సర్క్యూట్లూ ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఒక్కొక్కటీ విప్పి చూసి, తన బ్లాగులో తెలుగులో రాసి నేర్చుకుంది. రాస్తేగాని తనకు బుర్రకెక్కదని ఆమే ఒప్పుకుంటుంది. రాసేదాకా అన్నీ వచ్చినట్టే ఉంటాయి, అదే వచ్చిన చిక్కు.

ఆ ఆదివారం పొద్దున్న పొలం మోటార్ల ఆటో స్టార్టరు గురించి రెండో భాగం మొదలుపెట్టింది. 'త్రీఫేజు కరెంటు రాగానే, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే మోటారు దానంతటదే తిరుగుతుంది' అని రాసి ఆగిపోయింది. ఆ చెయ్యి అప్పటికే స్టార్టరు పెట్టెలో ఉంటే?

గబగబా మొదటి భాగం తెరిచింది. పొలాలకు కరెంటు తొమ్మిదికి వస్తుంది కాబట్టి ఆలోపే వైర్లు బిగించేసుకోమని తనే రాసింది. ముందు ఫ్యూజులు పీకమని ఎక్కడా లేదు. కరెంటు వేళను బడిగంటలా నమ్మేసింది. అది చదివి రోలుగుంట చెరకు రైతు పరదేశి, మర్నాడు పొద్దున్నే బిగించేస్తానని నిన్న మెసేజి పెట్టాడు. దానికి తను బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది.

అప్పటికే ఎనిమిది. ఎన్నిసార్లు ఫోను చేసినా అతను ఎత్తలేదు. స్కూటీ తీసింది. దారంతా చెరకు ట్రాక్టర్లే. ఒక్కొక్కటి దాటేసరికి ప్రాణం పోయి వచ్చింది. ఇంత చదువూ ఏం చదివినట్టని తన మీద తనకే ఒళ్లు మండింది.

ఊళ్లో అడిగి పొలం పట్టుకునేసరికి తొమ్మిదికి పది నిమిషాలుంది. షెడ్డులో పరదేశి రెండు చేతులూ స్టార్టరు పెట్టెలో దూర్చి ఉన్నాడు. పిలవబోతుండగా పక్క పొలంలో మోటారు గుర్రుమంది. కరెంటు ముందే వచ్చేసింది. గౌతమి స్కూటీ వదిలేసి షెడ్డులోకి పరిగెత్తింది.

పరదేశి మాత్రం తాపీగా తిరిగి చూసి, ఎవరు కావాలని అడిగాడు. ఆమె తడబడుతూ సంగతి చెప్పింది. గట్టు మీద కూర్చున్న అతని భార్య అచ్చియ్యమ్మ కొంగుముడి విప్పింది. అందులో మూడు ఫ్యూజులున్నాయి.

"ఈయన పెట్టిలో సెయ్యెట్టినంతసేపూ పీజులు నా కాడే ఉంటాయమ్మా. మాకెప్పుడూ అంతే. మాకు తెలుసులే అని రాయలేదేటి?"

అవునంటే పరువు దక్కేది.

"కాదు. నాకే తట్టలేదు," అంది గౌతమి. గట్టు మీదే కూలబడింది. ఏడుపు ఆగలేదు.

అచ్చియ్యమ్మ మంచినీళ్లు ఇచ్చింది. కాస్త తేరుకున్నాక గౌతమి ఫోనులో మొదటి భాగం తీసింది. రెండువందల పద్నాలుగు మంది చదివారు. వాళ్లలో ఆమెకు పేరు తెలిసింది పరదేశి ఒక్కడిదే. అన్నిటికంటే పైన, ముందు ఫ్యూజులు పీకి పక్కన పెట్టుకోమని రాసి, అచ్చియ్యమ్మకు చదివి వినిపించింది.

"పక్కనెడితే ఎవులో ఒకలు తెచ్చి పెట్టెత్తారు," అంది అచ్చియ్యమ్మ. "ఎవుల సేతిలో ఉండాలో అది రాయి."

గౌతమి ఆ ముక్క చెరిపి మళ్లీ రాసింది. మిగతా రెండువందల పదమూడు మంది పొలాల్లో ఫ్యూజులు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో ఆమెకు తెలియదు.