గెడ్డలో బంగారమ్మ క్యారేజీ

నేను ఒక భోజనం క్యారేజీని. మూడు గిన్నెలు, వాటిని బిగించే రెండు పట్టీలు, పైన పిడి, ఇంతే నా ఒళ్ళు. కొన్ననాడే కొట్టువాడు నా మూత మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టాడు: ‘బంగారమ్మకు చిన్నాన్న కోటేశు కానుక’. మనుషులకు అదో సరదా. గిన్నె ఇచ్చి ఊరుకోరు, ఇచ్చామని గిన్నె చేత కూడా చెప్పిస్తారు.

బంగారమ్మ మొగుడు ఎర్రునాయుడు టీవీలు బాగుచేసేవాడు. పదకొండేళ్ళు అతని సైకిలుకు వేలాడుతూ కొట్టుకు అన్నం మోశాను. గతుకుల రోడ్డు మీద ఒక్కనాడైనా పులుసు చుక్క ఒలకనివ్వలేదు. డబ్బా టీవీలు పోయి గోడకు తగిలించే పల్చటివి వచ్చాక అతను కొట్లో ఈగలు తోలుకుంటూ, మధ్యాహ్నం ఇంటికే వచ్చి తినసాగాడు. నేను అటకెక్కాను.

నన్ను మళ్ళీ దింపింది మా ఊరి గెడ్డ, అదే వాగు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే హైమవతి మేడం పదిమందిని పోగేసి, ఆదివారాలు గెడ్డ నీళ్ళు పరీక్ష చేయించేది. రోజూ పరీక్ష చేసే యంత్రం కొనే తాహతు వాళ్ళకు లేదు. నేను చేస్తానని ఎర్రునాయుడు ముందుకొచ్చాడు. చేతిలో పని లేనివాడికి అంతకంటే ఏం కావాలి? తడి లోపలికి పోని డబ్బా ఒకటి కావలసి వచ్చింది. రెండు ప్లాస్టిక్ డబ్బాలు కారిపోయాక అతనికి నా పులుసు రోజులు గుర్తొచ్చాయి. పెళ్ళాన్ని అడగకుండా నన్ను దింపి, అడుగు గిన్నెకు బెజ్జం వేసి నీటి రుచి చూసే కడ్డీ దిగేశాడు. నడిమి గిన్నెలో తీగలు, పై గిన్నెలో బ్యాటరీ పెట్టాడు. పులిహోర పట్టుకెళ్ళడానికి అటక వెతికిన రోజున బంగారమ్మకు సంగతి తెలిసింది. ఆ తర్వాత రెండు రోజులు నాయుడికి చారు నీళ్ళే దిక్కయ్యాయి.

నన్ను ఊరి బట్టలుతికే సూరీడమ్మ చాకిరేవు బండకు కాస్త దిగువన, రాయికి కట్టారు. ఆవిడ కళ్ళెదుట ఉంటే గేదెలు తన్నవని వాళ్ళ ఆలోచన. బ్యాటరీ అయిపోకుండా రోజుకొక్కసారి, పొద్దున తొమ్మిదింటికి నీళ్ళు రుచి చూసి, పదిమంది ఫోన్లకూ ఒక అంకె పంపడం నా ఉద్యోగం. ఏడు వస్తే మంచి నీరు, బాగా తగ్గితే పులుపు, పెరిగితే క్షారం.

నేను ఏడు పంపాను. మర్నాడూ ఏడే. నెల తిరిగినా ఏడే.

సూరీడమ్మ మాత్రం గెడ్డ పాడైందనేది. ఎగువన గోనెసంచులకు రంగులేసే షెడ్డువాళ్ళు ఆదివారం తప్ప పొద్దున్నే ఏదో వదులుతున్నారనీ, చేతులు మండుతున్నాయనీ, చీరల అంచులు పీచులు లేస్తున్నాయనీ మొత్తుకునేది. అప్పటికే రెండిళ్ళవాళ్ళు బట్టలు వేయడం మానేశారు. ఇంకో రెండిళ్ళు మానేస్తే ఆవిడ రేవు వదులుకోవాల్సిందే. షెడ్డు యజమాని మాత్రం నా అంకె ఊరందరికీ చూపించి, యంత్రానికి అబద్ధమాడే అవసరమేముందనేవాడు. ఆ మాటకు నేను ఉబ్బితబ్బిబ్బయ్యేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక పొద్దున ఎర్రునాయుడు తొమ్మిది కొట్టడం కోసం గట్టున కూర్చున్నాడు. సూరీడమ్మ బట్టల మీద గుప్పెడు సోడా చల్లి ఉతికింది. నురగ రాలేదు. ఇంకో గుప్పెడు వేసింది.

“నీ డబ్బా బాగుందంటంది, నా సేతులు బాగోనేదంటన్నాయి. ఏది నిజమో నువ్వే సెప్పు బాబూ,” అంది.

రోజూ ఇంత సోడా వేస్తావా అని నాయుడు అడిగాడు.

“మంచి నీళ్ళకైతే గుప్పెడు సాలు. ఈ పాడు నీళ్ళొచ్చిన్నాడు మూడేస్తే గానీ నురగ రాదు. పులుపుకి సోడాయే కదా ఇరుగుడు…”

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. బండ మీంచి జారిన తెల్లటి నీళ్ళు తిన్నగా నా దగ్గరికే వస్తున్నాయి. వాటినే చూస్తూ నిలబడింది.

“నాయుడు బాబూ, అది తాగతన్నది గెడ్డ నీళ్ళు కాదు. నా సోడా నీళ్ళు.”

చీర దోపుకుని దిగి, తాడు విప్పి నన్ను చంకనెత్తుకుంది. బండకు ఎగువన, సోడా సోకని చోట, రాయి వెతికి కట్టింది. తొమ్మిదయింది. నీళ్ళు రుచి చూశాను. నాకున్నది కడ్డీ కాక నాలికే అయితే అక్కడే ఉమ్మేసేదాన్ని. పది ఫోన్లకూ నాలుగు పంపాను.

హైమవతి మేడం స్కూటరు మీద పరుగున వచ్చి, చీర తడుస్తున్నా లెక్కచేయక గెడ్డలో దిగి నీలి లిట్మస్ కాగితం ముంచింది. ఎర్రగా మారింది.

“పులుపును క్షారం విరుస్తుందని పదహారేళ్ళుగా పాఠం చెబుతున్నాను సూరీడమ్మా. నాకు తట్టలేదు. నీ మాట నమ్మకపోవడం నా తప్పు,” అంది.

“పాటం నువ్వు సెప్తావు, బట్టలు నానుతుకుతాను. అంతే కదమ్మా,” అంది సూరీడమ్మ.

ఇరవై రోజుల నా అంకెలు కాగితం మీదికెక్కి కాలుష్య బోర్డు ఆఫీసుకు వెళ్ళాయి. అన్నం క్యారేజీ మాట కూడా ఒక మాటేనా అని షెడ్డు యజమాని విసుక్కున్నాడట. అయినా అధికారులు సొంత పరికరాలతో వచ్చారు, వాటికీ నాలుగే వచ్చింది. షెడ్డు వెనక పులుపు విరిచే సున్నం తొట్లు రెండు లేచాయి. మానేసిన రెండిళ్ళ మూటలు రేవుకు తిరిగొచ్చాయి. నా మూత మీది పేరే రిజిస్టరుకెక్కి, రోజూ ‘బంగారమ్మ: ఏడు’ అని రాసేవారు. ఆ ముక్క విన్నాకే బంగారమ్మ మొగుణ్ణి క్షమించింది.

రెండు వానాకాలాలకు నా అడుగు గిన్నె చిల్లులు పడింది. నా చోటుకి నాయుడు చేసిన కొత్త యంత్రం వచ్చింది. బంగారమ్మ మిగిలిన నా పై గిన్నెను, మూతను చింతపండుతో తళతళా తోమి, తనే రేవుకు పట్టుకొచ్చి సూరీడమ్మ చేతిలో పెట్టింది. సోడా పోసుకోమంది.

అలా ఇప్పుడు నన్ను నెల్లాళ్ళు బురిడీ కొట్టించిన సోడానే కడుపులో పెట్టుకుని బండ మీద కూర్చున్నాను. నాకు కడ్డీ లేదు, తీగలు లేవు. అయినా గెడ్డ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. ఆ పాడు రోజుల్లో ఇంత సోడా వారానికే చెల్లిపోయేది. ఈసారి నన్ను నింపి పది రోజులయింది, ఇంకా సగానికి పైనే ఉంది.