నడిపేవాళ్ల పేరు

తెల్ల దుప్పటి మీద ఒక్క వెంట్రుక కనిపించినా వచ్చినవాళ్లు ఫొటో తీసి పెడతారు. అందుకని మేం రోజుల లెక్కన అద్దెకిచ్చే మేడ మీద గది సర్దేటప్పుడు తలకి గుడ్డ బిగించి కట్టుకుంటాను. దుప్పటి మూలలు లాగి, మంచం కింద బోర్లా పడుకుని తుడిచి, బాత్రూం గోడకి అరచెయ్యి రాసి చూసుకుని అప్పుడు కిందికి దిగుతాను. ఒకరు ఖాళీ చేసిన పూటే ఇంకొకరు దిగుతారు. ఈలోగా నడుము వాల్చడానికి కూడా తీరదు. మా అత్తగారు దీన్ని పని అనరు. కోడలెక్కడని ఎవరైనా అడిగితే "మేడ మీద తిరుగుతోంది" అంటారు.

గదులు బుక్ చేసుకునే ఫోన్ యాప్‌లో ఆ గదికి మా ఆయన ఫొటో, మా ఆయన పేరు ఉంటాయి. వచ్చేవాళ్లకి ఆయన రాసినట్టు నేను రాస్తాను. "ప్రయాణం బాగా జరిగిందా? గీజరు వేసి ఉంచాను" అని నేను రాస్తే, వాళ్లు వెళ్లేటప్పుడు ఆయన్ని పొగుడుతూ రాసిపోతారు. అంత శ్రద్ధగల మనిషిని ఎక్కడా చూడలేదట. అవన్నీ ఆయన ఆఫీసులో చదివి వినిపిస్తారు. సొమ్మొకడిది, సోకొకడిది. మొదట్లో నవ్వుకునేదాన్ని, తర్వాత ఆ నవ్వూ పోయింది. నేను చేస్తున్న ఉద్యోగం మానేసింది ఈ గది కోసమే. "ఇంటి పట్టునే ఉంటూ చూసుకోవచ్చుగా" అన్నారు, సరేనన్నాను.

ఆదివారం ఆయన స్నేహితుడు వచ్చాడు. వకీలు. టీ ఇచ్చి వెళ్లబోతుంటే "మీరూ కూర్చోండమ్మా, మీకూ పనికొచ్చే విషయమే" అన్నాడు. మా హాల్లో నన్ను ఎవరూ కూర్చోమనరు. అన్నారంటే ఏదో మూడిందన్నమాటే.

రాష్ట్రంలో కొత్త బిల్లు పెడుతున్నారట. రోజుల లెక్కన గదులు అద్దెకిచ్చే ఇళ్లన్నీ నమోదు చేయించుకోవాలట.

"నడిపేది ఫలానావాళ్లు అని ఒక పేరు ఇవ్వాలి," అన్నాడు వకీలు. "గోలగా ఉందని పక్కింటివాళ్లు ఫిర్యాదు చేసినా, గదిలో దిగినవాళ్లకి ఏం జరిగినా, ఆ పేరుగలవాళ్లే జవాబు చెప్పుకోవాలి. కేసు కూడా వాళ్ల మీదే."

"అయితే ఈవిడ పేరు ఇచ్చేద్దాం," అన్నారు ఆయన, బిస్కెట్ టీలో ముంచుతూ. "నడిపేది ఈవిడేగా. ఆ గదిలో స్విచ్చి ఎక్కడుందో కూడా నాకు తెలీదు."

ఇన్నేళ్లలో ఎప్పుడైనా ఆయన నోట ఆ నిజం విని ఉంటే ఎంత మురిసిపోయేదాన్నో. ఇప్పుడు వింటే ఒళ్లు చల్లబడింది.

"ఆడదాని మీద కేసులేం పెడతార్లే," అన్నారు అత్తగారు. "చూసి జాలిపడి వదిలేస్తారు."

నాకు కిందటి వానాకాలం వచ్చిన మనిషి గుర్తొచ్చాడు. ఒక్కడే వచ్చి తలుపేసుకుని, మర్నాడు సాయంత్రం దాకా తీయలేదు. లోపల ఫోను మోగుతోంది, ఎత్తడు. మారు తాళంచెవి పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడ్డాను. తీస్తే ఏం చూడాల్సొస్తుందోనని తలుపు తీయలేకపోయాను. ఆయనకి ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నా, నువ్వే చూసుకో" అని పెట్టేశారు. దేవుడా అనుకుంటూ తీశాను. జ్వరానికి ఏవో మాత్రలు మింగి మత్తుగా పడున్నాడు, ఊపిరి ఆడుతోంది. కోలుకుని వెళ్తూ, కంటికి రెప్పలా చూసుకున్నారని ఆయన్ని మెచ్చుకుంటూ రాసిపోయాడు.

అతను లేవకపోయి ఉంటే? ఈ చట్టం అప్పటికే వచ్చి ఉంటే? పోలీసులు నా పేరు పిలుస్తారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ల వెనక నడుస్తుంటే ఆయన గేటు దగ్గర నిలబడి "నాకేం తెలీదండీ, అంతా ఆవిడే" అంటారు. ఆ మాట ఏ గొంతుతో అంటారో కూడా నాకు వినబడింది. ఇప్పుడే విన్నానుగా. పోనీ వద్దందామా అంటే గది మూసేస్తారు. ఆ గదే లేకపోతే ఈ ఇంట్లో నా చేతికి రూపాయి రాదు, వదిలేసిన ఉద్యోగం నాకోసం కూర్చుని లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఇల్లు ఎవరిదని కూడా అడుగుతారా అండీ?" అన్నాను వకీలుతో.

"అడుగుతారమ్మా. ఇల్లు ఒకరిది, నడిపేది ఇంకొకరు అయినా పర్వాలేదు. ఇల్లుగలాయన ఒప్పుకుంటే చాలు."

"ఆయన ఒప్పుకుంటారు. నేను ఒప్పుకోనండీ."

ఇలాంటి మాట ఈ ఇంట్లో నేనెప్పుడూ అనలేదు. అన్నాక ఏమవుతుందో కూడా తెలీదు. ఆయన వైపు తిరిగాను.

"ఇంట్లో సగం నా పేరున రాయించండి. అప్పుడు ఇద్దురుగాని నా పేరు."

అత్తగారి కప్పు ఠప్పున సాసర్లో పడింది. వకీలు గోడ వంక చూశాడు. ఆయన నవ్వారు. నలుగురిలో నా మాట తీసిపారెయ్యడానికి ఆయన దగ్గరో నవ్వుంది.

"ఇంకా పాసైనా కాలేదే పిచ్చిదానా. బిల్లంటేనే ఇంత భయమా?"

"నాకు భయం బిల్లంటే కాదండీ," అన్నాను. "మీరంటే."